త్రివేణి చెప్పిన ఉదాహరణ

9 జూలై 2018, సోమవారం

కొత్త ప్రిన్సిపాల్ మేడమ్‌కు మళ్ళీ ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ ఆలోచనలన్నీ సోమవారాలే వస్తాయి. ఈసారి ఇంగ్లీషు టీచర్ల వంతు. ఒక్కొక్కరం ఒక మామూలు క్రియాపదం తీసుకుని, దాని అర్థం, పుట్టుక, వాడుక పిల్లలకు నమూనా పాఠంగా చెప్పాలట. మిగతా టీచర్లు వెనక బెంచీల్లో కూర్చుని చూడాలి. నలుగురి నోట్లో నలిగే మాటే కావాలి, డిక్షనరీలో దుమ్ము పట్టినది వద్దు అని హిందీలో గట్టిగా చెప్పింది.

నేను వెంటనే అడ్జస్ట్ అన్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాట మీద నాకున్న కోపమంతా పాఠంలో పెట్టేయాలని సరదా పుట్టింది. మీటింగు అయ్యాక త్రివేణి మెట్ల దగ్గర పట్టుకుంది. "అక్కా, ఆ పదం నాకియ్యవా? నువ్వు ఏది తీసుకున్నా మంచిగ చెప్తవ్. నాకు అదొక్కటే మనసుకు పట్టింది" అంది. ఇచ్చేశాను. ఆమెను ఈ రాయ్‌పూర్ బడిలో చేర్పించింది నేనే, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే అలవాటు మాన్పించింది నేనే. ఒక పదం ఎంత?

నేను కీప్ తీసుకున్నాను.

10 జూలై

కీప్ అనే మాట ఎక్కడ పుట్టిందో పండితులకే తెలియదట. నా పాఠంలో మూడోవంతు ముందే ఎగిరిపోయింది. మంచిదాన్నే అంటగట్టుకున్నాను.

14 జూలై, శనివారం

అడ్జస్ట్ మీద నేను రాసుకున్నవన్నీ త్రివేణికి చెప్పేశాను. చెబుతుంటే అసూయ వేసింది, దాచుకోవడమెందుకు. చూడగానే అందులో జస్ట్, జస్టిస్ కనిపిస్తాయి. న్యాయానికి చుట్టమేమో అనుకుంటాం. కాదు. లాటిన్‌లో యుక్‌స్తా అంటే దగ్గర, పక్కన. పక్కకు చేర్చడమే మొదటి అర్థం. ఫ్రెంచి వాళ్ళ నోట్లో పడి అరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. మధ్యలో ఎవరో న్యాయం అనే మాటతో తప్పు చుట్టరికం కలిపారు. ఇంకా వెనక్కి వెళితే మన యోగం, యుక్తం కూడా దాని దాయాదులే. ఎద్దుల మెడ మీద వేసే కాడి కూడా ఆ ఇంటిదే. త్రివేణి కాడి అన్నచోట నవ్వింది. పెళ్ళి చేసుకోకుండా తల్లితో ఉంటున్న మనిషి కదా, నవ్వొచ్చు.

వాడుక గురించి నా గొడవ వేరు. ఇంగ్లండులో అద్దాన్ని, గడియారాన్ని, కుర్చీ ఎత్తును అడ్జస్ట్ చేస్తారు. మన దేశంలో మనుషుల్ని చేస్తాం. బిలాస్‌పూర్ లోకల్లో ముగ్గురు కూర్చునే బల్ల మీదికి నాలుగోవాడు వచ్చి, థోడా అడ్జస్ట్ కర్ లీజియే, కాస్త సర్దుకోండి అంటాడు. అన్నవాడెప్పుడూ కదలడు. విన్నవాళ్ళే కదలాలి. ఈ ముక్క బోర్డు మీద రాయమన్నాను.

ఉదాహరణల విషయంలో నా పాత పాటే మళ్ళీ పాడాను. కల్పించిన వాక్యం చెప్పకూడదు. రాముడు మంచి బాలుడు రకం వాక్యాలు పిల్లల చెవి దాకా కూడా పోవు. కళ్ళతో చూసిందో, చూసినవాళ్ళ దగ్గర విన్నదో చెప్పాలి. అప్పుడే మాట బతికి ఉంటుంది. "తెల్సక్కా, నువ్వు చెప్పినట్టే చెప్త" అంది.

మధ్యాహ్నం ఈయన సెకండ్ షిఫ్టుకు సిల్తారా ఫ్యాక్టరీకి వెళుతూ ఎప్పటిలాగే ఆమెను ధర్సీవాలో ఇంటి దగ్గర దింపడానికి బడి ముందు బండి ఆపారు. ఫ్యాక్టరీ దాటి ఇంకాస్త ముందుకు వెళ్ళాలి. మొదట్లో గొణిగారు. పాపం బస్సులో నిలబడి వెళుతోంది, కాస్త అడ్జస్టవండి అని నేనే అన్నాను. నిరుటి వానాకాలం నుంచి దింపుతున్నారు. ఇప్పుడు గొణగడం లేదు.

17 జూలై

భిలాయి హాస్టల్ నుంచి మా అమ్మాయి బిందు ఫోన్ చేసింది. కొత్త రూమ్మేట్ గురక పెడుతుందట. సర్దుకో అనబోయి ఆగిపోయాను. వార్డెన్‌తో చెప్పు అన్నాను. అది ఆశ్చర్యపోయింది.

20 జూలై, శుక్రవారం

త్రివేణి పాఠం చెప్పింది.

బాగా చెప్పింది. చాలా బాగా చెప్పింది. యుక్‌స్తా దగ్గర పిల్లల్ని బెంచీ మీద పక్కపక్కకు జరగమని చూపించింది. లోకల్ రైలు ముక్కకు క్లాసంతా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, ఒక్క ఉదాహరణ చెబుతానంది. ఇంగ్లీషులోనే, చిన్న చిన్న వాక్యాలు. ఒకామె భర్త రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడు. వాళ్ళకు ఉన్నది ఒకటే గది. వంట, గిన్నెలు, బట్టలు అన్నీ అక్కడే. గాజుల చప్పుడుకు ఆయన లేస్తాడేమోనని ఆమె రోజూ గాజులన్నీ తీసి బియ్యం డబ్బాలో పెట్టేది. చేతులు బోసిగా ఉండకూడదని మణికట్టుకు పసుపు దారం కట్టుకునేది, పళ్ళతో ముడి బిగించి. షి అడ్జస్టెడ్.

 ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళు తుడుచుకుంది. మొదట ఒక పిల్ల చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు, చేతులు వాటంతట అవే కొట్టాయి.

20, సాయంత్రం

నేను ఈ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు.

21 జూలై

తిన్నగా ఆలోచించాలి.

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన ఏడాది రాయ్‌పూర్ ఇంకా రాజధాని కాలేదు. భన్‌పురిలో లారీల యార్డు వెనక ఒక గది. ఈయనకు స్పాంజ్ ఐరన్ ఫర్నేస్ దగ్గర ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పొద్దున్నే కళ్ళు ఎర్రగా వచ్చి, రెండు ముద్దలు తిని, చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని పడుకునేవారు. నేను కదిలితే మట్టి గాజులు గలగలమనేవి. అమ్మ పెళ్ళికి మోచేతి దాకా వేయించింది. ఆయన అటూ ఇటూ దొర్లుతుంటే నాకు ప్రాణం పోయేది. ఒకరోజు అన్నీ తీసేశాను. తీసి బియ్యంలో కప్పెట్టాను. దారం కట్టుకున్నాను. తలుపు చప్పుడైతే చాలు, ముందు గాజులు వేసుకుని తర్వాత గడియ తీసేదాన్ని. ముత్తైదువ, మొగుడు ఇంట్లో ఉండగా గాజులు ఊడదీయడమంటే మా విజయనగరంలో మాటలా. అమ్మకు తెలిస్తే నన్ను బతకనిచ్చేది కాదు. ఏమైనా అవుతుందేమోనని భయంతో రోజూ ఆయన ప్రాణానికి దండం పెట్టుకుని మరీ తీసేదాన్ని. రెండు గదుల ఇంటికి మారేదాకా అలాగే గడిచింది.

ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే తిట్టరు గానీ, ఎందుకో చెప్పాలనిపించలేదు. నా సొంతానికి దాచుకున్నది అదొక్కటే.

మరి త్రివేణికి ఎలా తెలిసింది?

ఎప్పుడో నేనే చెప్పి ఉంటాను. మనిషన్నాక నోరు జారుతుంది. చెప్పే ఉంటాను.

22 జూలై, ఆదివారం

ఇలాంటివి అందరు ఆడవాళ్ళూ చేసే ఉంటారేమో, నాదే గొప్ప అనుకుంటున్నానేమో అనిపించింది. పక్కింటి శేషమ్మగారు మా వైపు మనిషే, ఆవిడ మొగుడూ ఫర్నేసు దగ్గరే చేసి రిటైరయ్యారు. పచ్చడి మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళినట్టు వెళ్ళి, మాటల్లో పెట్టి అడిగాను. మా స్కూల్లో ఎవరో చెప్పారు, ఇలా గాజులు తీసేవారట అని.

ఆవిడ మిరపకాయ కింద పెట్టేసింది. "ఏటే నళినీ, ఆ మాటలేటి? మొగుడు మంచం మీద ఉండగా గాజులు తీసీడమేటి? మా ఇళ్ళల్లో ఒక గాజు చిట్లితే ఇంకోటి ఏసుకున్నాకే అడుగు తీసి అడుగు ఏసీవోళ్ళం. ఎవర్తో కతలు చెప్పింది నీకు."

అవునండీ కతలే అన్నాను.

23 జూలై

ఏమీ లేదు. నేనే చెప్పి మరిచిపోయాను. ఇక దీని గురించి రాయను.

25 జూలై, బుధవారం

స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు త్రివేణిని అడిగాను. తేలిగ్గా, నవ్వుతూనే. ఆ గాజుల ఉదాహరణ ఎక్కడిది, భలే పట్టావే అన్నాను.

"నువ్వే చెప్పినవ్ కదక్కా" అంది. వెంటనే అంది. దిద్దుతున్న నోటు పుస్తకాల మీద నుంచి తలెత్తకుండా అంది.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చెప్పానన్నమాట. గుండె మీద బండ దించినట్టైంది. ఇంటికొచ్చి ఆయనకిష్టమని గోంగూర పప్పు చేశాను. ఇక్కడ గోంగూరను అమారీ అంటారు, బుధవారం సంతలో లేతది దొరికింది.

26 జూలై

పళ్ళతో ముడి.

27 జూలై

పొద్దున స్నానం చేసి పూజ దగ్గర దారం ముక్క తీసుకుని కట్టుకుని చూశాను. ఒక్క చేత్తో రెండో మణికట్టుకు ముడి పడదు. ఒక కొస పళ్ళతో పట్టుకుని లాగాల్సిందే. అంటే అప్పుడూ అలాగే కట్టుకుని ఉంటాను. కానీ నాకా సంగతి గుర్తే లేదు. ఈ రోజు దారం నోట్లో పెట్టుకుని అద్దంలో చూసుకునేదాకా నాకు తెలియదు. నాకే తెలియనిది త్రివేణికి నేనెలా చెబుతాను?

ఆ గదిలో నన్ను చూడగలిగినది ఒక్కరే.

ఆయన నిద్రపోతున్నారనుకున్నాను.

చేసినవాళ్ళకు గుర్తుండనిది చూసినవాళ్ళకు గుర్తుంటుంది. చూసినవాళ్ళు చెబితే విన్నవాళ్ళకు గుర్తుంటుంది. విన్నదే చెప్పమన్నది నేను. నా శిష్యురాలు, కల్పించలేదు. ఏదో ఒక రాముడి వాక్యం కల్పించి ఉంటే నాకు చచ్చేదాకా తెలిసేది కాదు. మంచి టీచర్ని తయారు చేశాను.

29 జూలై, ఆదివారం

ఆయనకు వీక్లీ ఆఫ్. మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో కూర్చున్నారు. వాన పడుతోంది. ఎలా మొదలుపెట్టాలో నిన్నంతా పది రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. భన్‌పురి గదిలో మీరు పగలు నిద్రపోయేవారా అని అడిగాను.

ఆయన చాలాసేపు వాన చూశారు. అప్పుడే నాకు అర్థమైపోయింది. తెలియనివాళ్ళు ఏ గది అని అడుగుతారు.

"నిద్ర పట్టీది కాదు నళినీ. ఫర్నేసు హోరు చెవుల్లోనే ఉండీది. చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకునీవాణ్ణి. నువ్వు అటు తిరిగి గాజులు తీసీదానివి. ఒక్కోటీ చప్పుడు కాకుండా" అన్నారు.

మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే మానీస్తావని."

ఈ మాట ఆయన ఎప్పుడు చెప్పినా నేను సంతోషంతో ఏడ్చేదాన్ని. నిన్న చెప్పినా ఏడ్చేదాన్ని. పోయిన వానాకాలానికి ముందు చెప్పి ఉంటే కాళ్ళకు దండం పెట్టేదాన్ని. ఇంతకాలం నేనొక్కదాన్నే అనుకున్న ఆ పగళ్ళలో ఆయన కూడా మేలుకుని ఉన్నారు, నన్ను చూస్తూ ఉన్నారు. నా జీవితంలో ఇంతకంటే మంచి సంగతి లేదు. అది నాకంటే ముందు త్రివేణికి తెలిసింది.

ఆమెకెందుకు చెప్పారన్నాను.

దారిలో ఏవో మాటలట. కొత్తలో మీరిద్దరూ ఎలా ఉండేవాళ్ళు అని ఆమె అడిగిందట. "అడిగితే చెప్పాలనిపించింది. నీ గురించి మంచిగానే కదా చెప్పేను. అందులో తప్పేటుంది?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, నన్నెవరూ అలా అడగలేదు అన్నారు.

ఇంకేం చెప్పారన్నాను. ఆయన మళ్ళీ వాన వైపు తిరిగారు. ఇంకా చాలా చెప్పారన్నమాట. ధర్సీవా దారిలో రోజుకో కొంచెం చొప్పున నా కాపురాన్ని వినిపించారన్నమాట. ఏడాదిగా రోజూ స్టాఫ్ రూములో నా టిఫిన్ డబ్బాలోంచి తింటూ, అక్కా అక్కా అంటూ, ఆమె నా ముందు ఏమీ తెలియని దానిలా కూర్చుంది.

మీ ఇద్దరి మధ్య ఏముంది అని అడిగాను. ఏమీ లేదు, ఒట్టు, చెయ్యి కూడా తగల్లేదు అన్నారు. నమ్మాను. నమ్మాక ఇంకా మంటగా ఉంది. ఆమెను చూస్తే బాగుంటుందని దింపుతున్నారా అంటే, తలొంచుకున్నారు. రేపట్నుంచి దింపనులే, దీన్ని ఇంతటితో వదిలేద్దాం, కొంచెం అడ్జస్టవుదాం అన్నారు. అన్నవాడు కుర్చీలోంచి కదల్లేదు.

నా చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు ఆయన మీద పోశాను. గ్లాసు విసరలేదు.

30 జూలై

నా పాఠం అయింది. బాగా రాలేదు.

31 జూలై, మంగళవారం

త్రివేణి స్టోర్ రూము దగ్గర నిలబెట్టి మాట్లాడింది. ఆయన చెప్పేసి ఉంటారు. ముఖం ఉబ్బి ఉంది. "నీ మీద ఒట్టక్కా, మాటలు తప్ప ఏం లేవు. సార్ నీ గురించి చెప్తుంటే నాకు మంచిగ అనిపించేది. గట్ల నన్ను చూసెటోడు నాకెవరున్నరు" అంది.

జాలి వేసింది. అదే నాకు చేతకానితనం. జాలి వేస్తూనే చెంప పగలగొట్టాలనిపించింది. మాటలే అయితే ఇంకా ఘోరం, నువ్వూ నేనూ మాటలు చెప్పుకుని బతికేవాళ్ళం, వాటి విలువ నీకు తెలియదా అన్నాను. మరి ఆ ఉదాహరణ నా ఎదురుగా ఎలా చెప్పగలిగావన్నాను.

"దానికంటె మంచిది నాకు దొరకలేదు" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. నేనైనా అదే ఎంచుకునేదాన్ని.

ఇక నన్ను అక్కా అనవద్దు, మేడమ్ అనమన్నాను. ఆమె బస్సుకు వెళ్ళింది.

2 ఆగస్టు

బిందు ఫోన్. నాన్నకివ్వు అంది. ఇచ్చాను. ఇద్దరూ నవ్వుకుంటూ మాట్లాడారు. అతను కూతురితో చాలా బాగా మాట్లాడతాడు. పరాయి ఆడదానితోనూ బాగా మాట్లాడతాడు.

రాస్తుంటే గమనించాను, ఆయన అని రాయడం లేదు.

3 ఆగస్టు, శుక్రవారం

కొన్నాళ్ళు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండమని చెప్పాను. శేషమ్మగారు అడిగితే ఫ్యాక్టరీలో మరమ్మతుల షట్‌డౌన్ పనులని చెప్పుకోమన్నాను. అతను వాదించలేదు. వాదిస్తాడని ఎదురు చూశాను. నువ్వు నన్నెక్కడికీ పంపలేవు, ఇది నా ఇల్లు అని అరిస్తాడనుకున్నాను. సంచి సర్దుకుంటూ, తెల్లారి ఫస్ట్ షిఫ్టు, అటు నుంచి అటే వెళ్ళిపోతానన్నాడు.

నేను ఏం పోగొట్టుకున్నానో ఎవరికైనా ఎలా చెప్పాలి? మొగుడు చెడిపోయాడని చెబితే నలుగురికీ అర్థమవుతుంది. అతను చెడిపోలేదు. నన్ను బాగా చూశాడు, బాగా గుర్తుపెట్టుకున్నాడు, బాగా చెప్పాడు. ఇంకొకరికి. దీనికి పంచాయితీ ఎవరు చేస్తారు.

4 ఆగస్టు, శనివారం

తెల్లవారుజామున లేచాడు. దీపం వేయకుండా తయారయ్యాడు. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు, చప్పుడు కాకుండా. సంచి గుమ్మం దగ్గర పెట్టి మళ్ళీ వెనక్కొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

నళినీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను అని. అతను నాతో అలా మాట్లాడడం ఇదే మొదలు. వినాలని ప్రాణం కొట్టుకుంది. చెయ్యి తెచ్చి కళ్ళ మీద అడ్డం పెట్టుకున్నాను.

అతను ఆపేశాడు.

నేను మేలుకునే ఉన్నానని అతనికి తెలుసు. తెలియాలనే అలా పడుకున్నాను.